నాడె చప్పుడు
(విద్యార్థుల ఇంటరాక్టివ్ ప్రాజెక్టుల ప్రదర్శనలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, నన్ను పిలిచిన ప్రిన్సిపాల్ గారికి, ముందు వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఏసీలో నిజంగానే పనికొస్తోంది.

నాకిచ్చిన విషయం 'ఇంటరాక్టివ్ మీడియాలో శబ్దం', అంటే చూసేవాళ్లు తాకితే బదులిచ్చే తెరల్లో శబ్దం. ఇరవై నిమిషాలు. పేజీన్నర నోట్సు కూడా రాసుకొచ్చాను. పొద్దున్నుంచి మీ ప్రాజెక్టులు చూస్తూ తిరిగాక మాత్రం ముందు ఒక ప్రశ్న అడగాలనిపించింది. మీ టీముల్లో సౌండ్ చూసినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఏడుగురు. బాగుంది. ఈ వారం కంటే ముందే పని మొదలుపెట్టినవాళ్లు చేతులు దించేయండి. చూశారా, ఒక్క చెయ్యీ దిగలేదు! నవ్వకండి. నేనూ మీ బ్యాచే.

2011లో మా ఫైనల్ ఇయర్. నలుగురం కలిసి పోచంపల్లి ఇక్కత్ మీద టచ్‌స్క్రీన్ ప్రాజెక్టు చేశాం. తెర మీద మగ్గాన్ని తాకితే చీర బెత్తెడు బెత్తెడు పెరిగేది. చివరి తెరలో మా అసలు వాదన ఉండేది. 1985లో పార్లమెంటు ఒక చట్టం చేసింది, దాని కింద ప్రభుత్వం చీరతో సహా కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించింది. అయినా అదే ఇక్కత్ డిజైను కరెంటుతో నడిచే మరమగ్గం మీద నేసీ, గుడ్డ మీద అచ్చు వేసీ బజార్లోకి వదులుతున్నారు, నేతగాడి నోటికాడి కూడు పోతోంది, అని. మనసుపెట్టి చేసిన పనే అది.

బొమ్మలకి రెండు నెలలు పట్టింది. కోడింగ్‌కి నెల. ఏ ఫాంట్ పెట్టాలన్న గొడవ వారం. సౌండ్‌కి మిగిలింది ఒక్క రాత్రి. అది నా నెత్తిన పడింది, ఎందుకంటే నలుగురిలో మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నది నా దగ్గరే. నేను సౌండ్‌లోకి వచ్చిన కథ ఇంతే.

నెట్‌లో 'లూమ్' అని కొట్టాను. ఎనిమిది సెకన్ల ముక్క దొరికింది. టకటకా టకటకా. లూప్ పెట్టాను. ఎంపీ3గా మార్చినప్పుడు ఫైలు మొదట్లోనూ చివర్లోనూ కాస్త నిశ్శబ్దం వచ్చి చేరుతుంది. పాట వినేటప్పుడు అది తెలియదు. లూప్‌లో పెడితే ప్రతి ఎనిమిది సెకన్లకీ మగ్గానికి ఎక్కిళ్లు వస్తాయి. ఆ ఎక్కిళ్లు పోగొట్టడానికే తెల్లారింది. అతుకు సరిగ్గా పడిందా లేదా అని వందసార్లు విన్నాను. శబ్దం దేనిదో వినలేదు. మళ్లీ చెబుతున్నాను, వినలేదు.

మర్నాడు ప్రదర్శన. జ్యూరీ మెచ్చుకుంది. ఒకాయన ఆంబియెన్స్ బాగుందన్నారు కూడా. మధ్యాహ్నం, మా టీములో కోడింగ్ చేసిన స్నేహితుడి తాత వచ్చారు. పోచంపల్లి పక్క ఊరు. చిన్నప్పటినుంచీ గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆయన చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాం. రెండు క్షణాలు విన్నారు. తీసి నా చేతిలో పెట్టారు.

"గిది మన మగ్గం గాదు బిడ్డా. మరమగ్గం."

కోపంగా అనలేదు. తప్పు బస్సెక్కబోతున్నవాణ్ణి ఆపి చెప్పినట్టు అన్నారు. పక్క తెర మీద పెద్ద అక్షరాలతో మరమగ్గం చేస్తున్న అన్యాయం. ఈ తెర మీద గుంట మగ్గం. దాని గొంతు మాత్రం ఆ మరమగ్గానిదే. తర్వాత వెళ్లి చూస్తే, ఫైలు కింద వివరణలో ఫ్యాక్టరీలో రికార్డు చేసినదని రాసే ఉంది. మా స్నేహితుడు నేతింట్లో పుట్టినవాడు. ముందే వినిపించి ఉంటే పట్టేసేవాడు. పొద్దున ఆరింటికి పని ముగిస్తే ఎవరికి వినిపిస్తాం?

ఈ సందర్భంలో ఒక మాట. ఫ్రీసౌండ్ అని శబ్దాల వెబ్‌సైటు ఒకటి బార్సిలోనాలోని పొంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2005 నుంచి నడుపుతున్నారు. ఎక్కడెక్కడివాళ్లో రికార్డు చేసి అందరూ వాడుకోవడానికి పెడతారు. కొన్నింటికి పేరు చెప్పనక్కర్లేదు. కొన్నింటికి తప్పకుండా చెప్పాలి. కొన్ని వ్యాపారానికి వాడకూడదు. ఇవాళ మీ ప్రాజెక్టుల్లో నేను చూసినవాటిలో శబ్దం ఎవరిదో రాసినవి రెండే రెండు. మిగతావాళ్లు ఈ రాత్రికి రాసేయండి. ఆ వంకనైనా వివరణ చదువుతారు.

సరే, మగ్గం దగ్గరికి వద్దాం. వారం తర్వాత రికార్డర్ ఒకటి అరువు తీసుకుని తాత వాళ్లింటికి వెళ్లాం. మే నెల. ఫ్యాను ఆపమన్నాను, ఆపారు. ఆ ఉక్కలో ఆయన నేస్తుంటే నాకు సిగ్గేసింది. నేల అదురు రికార్డర్‌కి తగలకుండా కింద తువ్వాలు మడతపెట్టాను. అయినా మొదటి ఇరవై నిమిషాలూ పాడైపోయాయి. దువ్వెనలాంటి పన్నె వచ్చి పోగుని బట్టకేసి కొట్టే దెబ్బ మనం అనుకునేదానికంటే గట్టిది. ప్రతి దెబ్బకీ లెవెల్ ఎర్రగీత దాటిపోయింది. తగ్గించుకుని మళ్లీ మొదలుపెట్టాం. రికార్డింగ్ అన్నాం కదా, ఆయనేమో ఫొటోకి నిలబడ్డట్టు బిగుసుకుని, గడియారంలా నేశారు. ఎప్పటికో మమ్మల్ని మర్చిపోయారు. అప్పుడు మొదలైంది అసలు మగ్గం.

ఇంటికొచ్చి, ఈసారి తెలివిగా ముక్కలు చేశాను. కాలు తొక్కిన చప్పుడు వేరు, అడ్డపోగుని మోసుకెళ్లే నాడె ఇటునుంచి అటు పోయిన చప్పుడు వేరు, పన్నె దెబ్బ వేరు. ఒక్కోదానికీ ఆరేసి రకాలు. ప్రోగ్రాము వాటిలో ఏదో ఒకటి తీసుకుని, స్థాయి కాస్త అటూ ఇటూ మార్చి పలికిస్తుంది. సినిమా ఎడిటర్‌కి షాటు ఆరు సెకన్లని తెలుసు. మనకి తెలియదు. ఒక పాప వచ్చి మూడు నిమిషాలు మగ్గం ముందే నిలబడొచ్చు, ఇంకొకాయన ముట్టుకుని వెళ్లిపోవచ్చు. ఒకే ముక్క తిప్పితిప్పి వినిపిస్తే చెవి ఇట్టే పట్టేస్తుంది. ఇప్పుడు ఈ పనికి ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి సౌండ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మాకు అప్పుడు వాటి సంగతి తెలియదు, కోడ్‌తోనే తంటాలు పడ్డాం.

గర్వంగా తీసుకెళ్లి వినిపించాను. తాత ఈసారి చాలాసేపు విన్నారు. మగ్గం మాదే అన్నారు. తర్వాత అడిగారు:

"నేను ఆగేదెప్పుడు? ఇట్ల ఆగకుంట నేస్తే చీర ఎట్లయితది? పోగు తెగదా? పువ్వు కలుపుకోవద్దా?"

ఇక్కత్‌లో రంగు ముందే నూలుకి ఎక్కుతుంది. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) రెండింటికీ అలా రంగేస్తే, నేసేటప్పుడు పేకలోని రంగు పడుగులోని రంగుమీదికి సరిగ్గా రావాలి. అందుకని నాలుగు వరసలు నేసి ఆగుతారు. వేలితో పోగు సర్దుతారు. మళ్లీ నేస్తారు. నాడెలోని నూలు కండె అయిపోతే ఆగుతారు. మరమగ్గం అలా ప్రతి పువ్వు దగ్గరా ఆగి చూసుకోదు. నేను ఆ ఆగినవన్నీ 'వేస్టు' అని పేరుపెట్టి ఒక ఫోల్డర్లో పడేశాను. గుంట మగ్గాన్ని రికార్డు చేసుకొచ్చి నా చేతులతో నేనే మరమగ్గం చేశాను.

నోట్సులో దీని తర్వాత లౌడ్‌నెస్ గురించి ఉంది. అది వదిలేస్తున్నాను, మీ సార్లు చెబుతారు.

ఆగడాలన్నీ తిరిగి పెట్టాం. మరో ప్రదర్శనలో ఉంచాం. జనం వచ్చారు, తెర తాకారు, మగ్గం నేసింది, ఆగింది. వెంటనే టపటపా తెర మీద కొట్టడం! "బాబూ, ఇది హ్యాంగ్ అయింది!" అని రోజంతా పిలుపులే. ఒకాయన ఏకంగా ప్లగ్ తీసి పెట్టాడు. సినిమాలో నిశ్శబ్దం వస్తే జనం ఊపిరి బిగబడతారు. మన దగ్గర నిశ్శబ్దం వస్తే రీస్టార్ట్ చేస్తారు.

మళ్లీ ఆ 'వేస్టు' ఫోల్డర్ తెరిచాను. మగ్గం ఆగినచోట నిజంగా ఏముందో మొదటిసారి విన్నాను. తాత గొంతు సవరించుకోవడం ఉంది. పోగు కోసం వేలు పడుగు మీద రాసుకుంటే గరగరమనే చిన్న చప్పుడు ఉంది. లోపలి గదిలో నాయనమ్మ కండెలు చుడుతున్న రాట్నం ఉంది. ఆయన మగ్గం ఆగినా ఆమె రాట్నం ఆగలేదు. ఆ రాట్నాన్ని మొత్తం కింద పరిచాం. ఆ రోజునుంచి ప్లగ్ ఎవరూ ముట్టుకోలేదు.

ఆ ప్రాజెక్టు అడోబీ వాళ్ల ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్లో చేశాం. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి సపోర్టు అయిపోయింది. రెండు నెలలు వేసిన బొమ్మలు, వారం కొట్టుకున్న ఫాంట్, ఏదీ ఇవాళ మీ బ్రౌజర్‌లో తెరుచుకోదు. తాతా లేరు. తాత ఇంట్లో రికార్డు చేసిన యాభై రెండు నిమిషాల వేవ్ ఫైలు మాత్రం నా దగ్గరుంది. అందులో ఒకచోట నాయనమ్మ "చాయ్ పెట్టాల్నా" అని అడుగుతుంది. ఆయన నోటితో జవాబు చెప్పరు. నాడె ఒక్కసారి గట్టిగా విసురుతారు. ఆమెకి అర్థమవుతుంది, గిన్నె చప్పుడు వినిపిస్తుంది. అది మా ప్రాజెక్టులో ఎక్కడా వాడలేదు.

ఏసీ దగ్గర ఎవరున్నారు? కాసేపు ఆపుతారా బాబూ? తల్లిదండ్రులు ఏమీ అనుకోకండి, కాస్త ఉక్కపోస్తుంది. రెండు నిమిషాలే వినిపిస్తాను. మధ్యలో ఆగుతుంది. హ్యాంగ్ కాలేదు.