నోరు మండుతోంది సరే, వాసన వస్తోందా?

నమస్తే అండీ. జలుబో, ఫ్లూనో, కోవిడో వచ్చి తగ్గింది. ముక్కు దిబ్బడ కూడా పోయింది. వాసన మాత్రం రాలేదు. ఈ వీడియో అలాంటివాళ్ల కోసమే. దిబ్బడ ఉన్నన్నాళ్లు కంగారు పడక్కర్లేదు, గాలే పైదాకా పోదు కదా.

మన కడప ఎర్రకారం దోశ తింటే సంగతి తెలిసిపోతుంది. నోరు మండుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఉప్పూ తెలుస్తుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, నెయ్యి మాత్రం ఉన్నట్టే ఉండవు. మంటను మోసే నరం వేరు, వాసన నరం వేరు. అందుకే జండూబామ్ పీల్చి "నాకు బాగానే వస్తోంది" అనుకోవద్దు. ఆ ఘాటు కూడా మంట నరానిదే. కాఫీ పొడి డబ్బా మూత తీసి చూడండి.

వాసన పట్టే కణాలు ముక్కు లోపల బాగా పైన ఉంటాయి. కోవిడ్ వైరస్ ముఖ్యంగా దెబ్బతీసేది వాటిని కాదు, వాటిని అంటిపెట్టుకుని ఉండే సహాయక కణాలను. వైరస్ పట్టుకునే ఏసీఈ2 అనే ప్రోటీన్ ఉన్నది ఈ సహాయక కణాల మీదే. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగొస్తుంది. వాసన కణాలు దెబ్బతిన్నా మళ్లీ పుడతాయి.

అసలు తిప్పలు కొందరికి ఆ తర్వాతే. మా చిన్నమ్మకు నెలల తర్వాత వాసన వచ్చింది, అదీ కంపుగా. తిరగమోతలో తెల్లగడ్డ పడితే చాలు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి బయటికొచ్చేది. ఇంట్లోవాళ్లు నూనె మార్చారు, దిష్టి కూడా తీశారు. నూనె పాపం ఏం చేసింది! దీన్ని పెరాస్మియా అంటారు. నరాలు మళ్లీ అతుక్కునేటప్పుడు సంకేతాలు తారుమారవడం వల్ల ఇలా అవుతుందని డాక్టర్లు భావిస్తున్నారు. చాలామందికి కోలుకునే దారిలోనే ఇది వస్తుంది.

చేయదగ్గది వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో దీని ఫలితాలు ప్రకటించింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం, ఈ నాలుగు వాసనలే. పొద్దున, సాయంత్రం ఒక్కోదాన్ని పది సెకన్ల పాటు, ఆ వాసన గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి. కనీసం 12 వారాలు. అందరికీ పనిచేస్తుందని చెప్పను, ఖర్చు మాత్రం పెద్దగా లేదు. ఈ వాసనల నూనెలు వాడితే పీల్చండి చాలు, చుక్కలు ముక్కులో వేసుకోకండి. వారాలు గడిచినా మార్పు లేకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఈలోగా గ్యాస్ లీకైతే మీకు తెలియదు. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి, ఇంట్లో ఇంకొకరిని చూడమనండి.

అన్నట్టు, లవంగాలు కొత్తవి తెచ్చుకోండి. పోపుల డబ్బాలో ఏడాదిగా పడున్నవాటికి మంచి ముక్కుకే అంతగా వాసన రాదు.