ఆస్కార్ ఉత్తమ నటుడు: యాసకు ఎన్ని మార్కులు, మౌనానికి ఎన్ని?

నమస్తే అండీ. నెల్లూరులో చూస్తా ఉన్నవాళ్లకీ, కావలి, కందుకూరు, ఒంగోలు వాళ్లకీ అందరికీ నమస్తే. ఇవాళ 97వ ఆస్కార్ ఉత్తమ నటుడి పోటీ, 2025 మార్చి 2న ఇచ్చింది. ఏడ్రియన్ బ్రోడీ గెలిచాడు. నా ఓటు మాత్రం కోల్‌మన్ డొమింగోకి. ఎందుకో చెప్తాను.

ముందు యాస సంగతి. పోటీలో ఉన్న ఐదుగురిలో ముగ్గురు గొంతు మార్చి నటించారు. దాన్ని పట్టుకోవడం మనకి ఒకరు నేర్పక్కర్లేదు. సినిమాలో నాలుగుసార్లు 'ఏంది' అనేసి నెల్లూరోణ్ణంటే నమ్ముతామా? 'ఏం చేస్తా ఉండావు' అన్నప్పుడు చివర్లో ఆ సాగదీత లేకపోతే అక్కడే దొరికిపోతాడు. మన జగదేవిపేట రమణారెడ్డి గారి పాత సీన్ ఏదైనా పెట్టుకోండి. మాట సాగితే దాంతోపాటే మెడ సాగుతుంది, చెయ్యి లేస్తుంది. యాస ఒంట్లోకి దిగడమంటే అదీ.

ఆ లెక్కన 'ది బ్రూటలిస్ట్'లో బ్రోడీ గట్టివాడే. హంగేరీ నుంచి అమెరికా వచ్చిన యూదు ఆర్కిటెక్ట్ పాత్ర. బ్రోడీ వాళ్లమ్మ పుట్టింది బుడాపెస్ట్‌లో, 1956 తిరుగుబాటప్పుడు దేశం వదిలి వచ్చిన కుటుంబం. ఆ యాస ఇంగ్లిష్ ఇంట్లో విని పెరిగినవాడు. హంగేరియన్ డైలాగుల్లో కొన్ని అక్షరాల పలుకుని ఏఐతో సరిచేశారని ఎడిటరే చెప్పాక గొడవైంది. ఇంగ్లిష్ డైలాగులు ముట్టుకోలేదని దర్శకుడు చెప్పాడు. దానికి నేను మార్కులు తగ్గించను, ఎందుకంటే ఆ పాత్ర బరువంతా ఇంగ్లిష్ మాటల్లోనే ఉంది. భార్య బతికే ఉందని కజిన్ చెప్పగానే అతన్ని పట్టుకుని ఏడ్చే సీన్ చూడండి, అక్కడ యాస గుర్తే రాదు. ఇబ్బందల్లా రెండో సగంలో. 15 నిమిషాల ఇంటర్వెల్‌తో కలిపి 3 గంటల 35 నిమిషాల సినిమా. అదే బాధ, అదే స్థాయిలో చాలాసేపు నడుస్తుంది.

టిమొతీ షాలమే 'ఎ కంప్లీట్ అన్‌నోన్'లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌గా పాటలు సెట్లోనే పాడి, గిటార్, హార్మోనికా తనే వాయించాడు. పెదాలు కలిపి ఊరుకునే పని కాదది. కానీ పాట ఆగి మామూలుగా మాట్లాడేటప్పుడు మనిషి కొంచెం అందడు. 'ది అప్రెంటిస్'లో సెబాస్టియన్ స్టాన్ కుర్ర ట్రంప్‌ని మొదట్లో దాదాపు మామూలు మనిషిలా మొదలుపెట్టి, ఆ మూతి విరుపులు, చేతులు తిప్పడం సీను సీనుకీ ఒక చిటికెడు పెంచుతూ పోయాడు. మిమిక్రీ చేసేవాళ్లు తప్పకుండా చూడాలి.

ఇక రేఫ్ ఫైన్స్, 'కాన్‌క్లేవ్'. పోప్ ఎన్నిక నడిపే కార్డినల్, అంటే క్యాథలిక్ చర్చిలో పెద్ద మతగురువు. ప్రసంగం ఇటాలియన్లో మొదలుపెట్టి, కాగితం పక్కనపెట్టి ఇంగ్లిష్‌లోకి మారతాడు. గొంతు పెంచడు. అయినా ఆ క్షణంలో ఆయనకే తన విశ్వాసం మీద అనుమానం ఉందని మనకి తెలిసిపోతుంది.

డొమింగో దగ్గరకి వద్దాం. 'సింగ్ సింగ్' అదే పేరున్న అమెరికా జైల్లో నాటకాలు వేసే ఖైదీల కథ, డొమింగో అందులో ఒక ఖైదీ. 18 రోజుల్లో తీశారు. చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది ఒకప్పటి ఖైదీలు, జైలు నాటక కార్యక్రమంలో నిజంగా వేషం కట్టినవాళ్లు. క్లారెన్స్ మాక్లిన్ తన పాత్ర తనే వేశాడు. అలాంటివాళ్ల పక్కన శిక్షణ పొందిన నటుడు ఒక్క పిసరు ఎక్కువ చేసినా బయటపడిపోతాడు. డొమింగో ఎక్కడా బయటపడలేదు.

ఖైదీని ముందే విడుదల చేయాలా వద్దా అని తేల్చే పెరోల్ బోర్డు ముందు సీన్ చూడండి. నాటకం తమని ఎలా మార్చిందో అతను చెప్తాడు. బోర్డులో ఉన్నావిడ, మరి ఇప్పుడు కూడా నటిస్తున్నావా అని అడుగుతుంది. మొహం మీద అప్పటిదాకా ఉన్న వెలుగు ఆరిపోతుంది. జవాబు కోసం నోరు వెతుక్కుంటుంది, కళ్లు మాత్రం అప్పటికే ఓడిపోయాయి. ఈ సీన్ ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి కళ్లు మూసుకుని చూడండి. రెండు విధాలా నిలబడుతుంది. ఐదుగురికీ ఇదే పరీక్ష పెట్టండి. డబ్బింగ్‌లో మాత్రం చూడొద్దు, అప్పుడు మార్కులు వేసేది డబ్బింగ్ ఆర్టిస్టుకి.

మరి బ్రోడీ ఎందుకు గెలిచాడు? నామినేషన్ వేసేది, ఆస్కార్ ఇచ్చే సంస్థ అకాడమీలో, నటుల శాఖ ఒక్కటే. ఫైనల్లో అకాడమీలో ఓటు హక్కున్న దాదాపు 10 వేల మందీ వేయొచ్చు, కెమెరా, సౌండ్, మేకప్ వాళ్లతో సహా. ఉత్తమ చిత్రానికైతే ఓటర్లు సినిమాలకి వరస నంబర్లు వేస్తారు, ఆ రెండో ప్రాధాన్యం లెక్క ఇక్కడ లేదు, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. పైగా గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, బ్రిటిష్ వాళ్ల బాఫ్టా అవార్డులు అప్పటికే బ్రోడీవి. నటుల సంఘం అవార్డు ఒక్కటే షాలమేకి పోయింది. 'సింగ్ సింగ్' లాంటి చిన్న సినిమాని అంతమంది చూడాలంటే కష్టం. కేటగిరీలో ఉన్న సినిమాలన్నీ చూస్తేనే ఓటు అనే నిబంధన మరుసటి ఏడాది ఆస్కార్ నుంచి పెట్టారు. డొమింగోకి అది ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది.