బియ్యం మొలవవు, వడ్లు మొలుస్తాయి

వేదిక మీది పెద్దలకు, సూపర్‌వైజర్ గార్లకు, కేంద్రాన్ని ఆయమ్మకు అప్పజెప్పి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన పావుగంట అక్కడే అయిపోతుంది, మన్నించండి.

అన్నం ఎక్కడి నుంచి వస్తుందని నాలుగేళ్ల పిల్లను అడిగితే కుక్కర్లోంచి అంటుంది. తరచి అడిగితే రేషన్ షాపు అంటుంది. తప్పేం కాదు, చూసిందే చెప్పింది. మనమేమో పాఠాన్ని దుక్కి దగ్గర మొదలుపెడతాం. దున్నాలి, నారు పోయాలి, నాటాలి, కోయాలి. బాపట్ల వ్యవసాయ పరిశోధకులిచ్చిన సాంబ మసూరి వరి చేతికి రావడానికి దాదాపు 150 రోజులు. నిన్నా రేపూ ఇంకా కలగలిసిపోయే వయసుకి 150 రోజులంటే ఏమిటి? అందుకే కంచం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. అన్నం, బియ్యం, వడ్లు, కంకి. 1975లో మన అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పటి నుంచి మన చేతిలో ఉన్న పెద్ద బోధనోపకరణం ఆ కంచమే.

మీ గోడ మీద ఆపిల్ చెట్టు, ఎర్ర కొట్టం, టోపీ పెట్టుకున్న రైతు ఉన్న చార్టు ఎంతమందికి ఉంది? చేతులెత్తండి. చూశారా! కిటికీ తీస్తే వరిమడి కనిపించే ఊళ్లో కూడా అదే చార్టు. మన పొలంలో టోపీ ఎక్కడిది, తలగుడ్డ కదా! నాట్లేసే ఆడవాళ్లు ఆ బొమ్మలో ఒక్కరూ లేరు. ఆ చార్టు చింపమనను, తిప్పి పెట్టండి. వెనక తెల్లగా ఉంటుంది, దాని మీద నిజం కంకి ఒకటి దారంతో కుట్టండి.

ఇక పని. రెండు కొబ్బరి చిప్పలు తీసుకుని కళ్లున్న చోట అడుగున చిల్లులు పెట్టండి. ఒక దాంట్లో వడ్లు, ఇంకో దాంట్లో బియ్యం. వడ్లను 24 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, తడి గోనెగుడ్డలో ఇంకో రోజు మూట కట్టండి. రైతులు మండె కట్టడం అనేది ఇదే. చలికాలమైతే మరో రోజు పడుతుంది. తెల్లటి ముక్కు కనబడగానే మట్టిలో పరిచి, గోరు మందం మట్టి చల్లండి. బియ్యాన్నీ అలాగే నానబెట్టి చల్లండి. వడ్లు పచ్చబడతాయి, బియ్యం బూజు పడతాయి. ఆ బూజు పారేయకండి, పాఠం అందులోనే ఉంది. మూత పెట్టి చూపించండి, చేతులు మాత్రం పెట్టనివ్వకండి. మిల్లులో తవుడుతో పాటు మొలక ముక్కు కూడా రాలిపోయిందని పిల్లలకు చెప్పక్కర్లేదు, మీకు తెలిస్తే చాలు.

ఇది చెడిపోయే దారులు మూడున్నాయి. కొత్తగా కోసిన వడ్లు కొన్ని రకాల్లో రెండు మూడు వారాలు నిద్రావస్థలో ఉంటాయి, అవి మొలవవు, నిరుటివి వాడండి. ఉప్పుడు వడ్లు, అంటే ఉడకబెట్టి ఆరబోసినవి, ఎప్పటికీ మొలవవు. పిల్లలు గోటితో ఒలిచిన గింజలను బియ్యం చిప్పలో వేయకండి, ముక్కు ఊడకపోతే అవీ మొలిచి పాఠాన్ని తలకిందులు చేస్తాయి. మిల్లు బియ్యమే వేయండి.

నీళ్ల సంగతి వేరే చెప్పాలి. ఇరవై మంది పిల్లలు తలా ఒక గ్లాసు పోస్తే గింజలు కుళ్లిపోతాయి. సీసా మూతకు చిల్లి పెట్టి, రోజుకు ఇద్దరికే వంతు ఇవ్వండి. మూడో వాడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి, రేపు వాడి వంతు.

కొత్తిమీరతో మొదలుపెట్టకండి. ధనియాలు నలిపి బద్దలు చేసి చల్లినా మొలవడానికి వారం పైనే పడుతుంది, పిల్లలు మరిచిపోతారు. మెంతులు మూడు నాలుగు రోజుల్లో తలెత్తుతాయి, మూడు వారాలు దాటగానే పప్పులోకి కోసుకోవచ్చు. ఆ ఆకు ఆ రోజు కంచంలో కనిపించాలి.

ఇప్పుడు చెప్పేది నిద్రపోతున్నవాళ్లు కూడా వినండమ్మా. లెక్కలు నేర్పడానికి కొన్నిచోట్ల గురిగింజలు వాడుతున్నారు. వద్దు. కొరికి నమిలితే ప్రాణం మీదికొచ్చే విషం. ఆముదం గింజలూ అంతే. కొట్లో దొరికే విత్తనానికి ఎర్రగానో నీలంగానో రంగు పూసి ఉంటే సాధారణంగా అది మందు పట్టించింది, పిల్లల చేతికివ్వకండి. శనగలు, బఠానీలు ముక్కులో పెట్టుకుంటే తడికి ఉబ్బుతాయి. పిన్నుతో లాగొద్దు, డాక్టరు దగ్గరికే. గింజలు ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇవ్వండి, లెక్కపెట్టి తీసుకోండి. వేరుశనగ పలుకులు చిన్నపిల్లలకు గుండుగా తినడానికి పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

పొలానికి తీసుకెళ్తే ఎండ ముదరకముందే వెళ్లండి, నలుగురైదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి ఉండాలి. ముందురోజే రైతును అడగండి: ఈమధ్య మందు కొట్టారా, మోటారు డబ్బాకు తలుపుందా, బావికి గోడుందా? ఒక్కటే చూపించి వచ్చేయండి. వేరుశనగ మొక్కైతే మరీ మంచిది: పువ్వు పైన పూస్తుంది, ఊడ మట్టిలోకి దిగుతుంది, కాయ కింద కాస్తుంది. పీకి చూపిస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఊక, తవుడు, నూకలు చేటలో విడివిడిగా పోసి చూపించడం కూడా చెప్పాలనుకున్నాను, సూపర్‌వైజర్ గారు గడియారం చూస్తున్నారు. తలుపు దగ్గర సంచిలో నిరుటి వడ్లున్నాయి. తలా ఒక గుప్పెడు కాగితంలో పొట్లం కట్టుకోండి, రేపు సాయంత్రమే నానబెట్టండి.