ముందు ఫోటో, తర్వాత చీపురు

శ్రోతలందరికీ నమస్కారం.

వరద నీళ్లు వచ్చి పోయిన ఇల్లు ఎట్లా ఉంటుందో మన వరంగల్, హనుమకొండ వాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 జూలైలో చూశాం. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాళ్లను పడవల మీద, హెలికాప్టర్లలో బయటికి తెచ్చారు. ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ మాట కాస్త మర్చిపోతున్నాం అనుకునేలోపు 2025 అక్టోబర్ ఆఖరులో మొంథా తుపాను వచ్చింది. తీరం దాటింది ఆంధ్రాలో, ముంచింది మన గల్లీలను.

ఈరోజు నేను వానల గురించి మాట్లాడను. నీళ్లు పోయాక మొదటి గంట గురించి మాట్లాడతాను. ఆ గంటలో మనం ఏం చేస్తామన్న దాని మీదే రేపు సాయం అందడం, అందకపోవడం చాలా వరకు ఆధారపడి ఉంటుంది. నేను 31 ఏళ్లు బ్యాంకులో పని చేసి రిటైర్ అయ్యాను. ఇప్పుడు మా కాలనీలో ఎవరికైనా ఫారం నింపాలంటే నా దగ్గరికి వస్తారు. ఆ అనుభవంతో చెప్తున్న మాట ఇది: ముందు ఫోటో, తర్వాత చీపురు.

మా వెనక గల్లీలో బట్టలు కుట్టే ఒకామె ఉంది. పేరు చెప్పొద్దంది, చెప్పను. వయసులో నాకంటే చిన్నదే అయినా గల్లీ మొత్తం ఆమెను అక్క అనే పిలుస్తుంది, నేను కూడా. అద్దె ఇల్లు, రెండు గదులు. ముందు గదిలో మిషన్, వెనక గదిలో సంసారం. భర్త ఆటో నడుపుతాడు, బిడ్డ డిగ్రీ చదువుతోంది.

మొంథా వచ్చిన ఆ రాత్రి నీళ్లు గడప దాటాయి, మంచం ఎక్కాయి, మిషన్ మునిగింది. వీళ్లు పక్కింటి డాబా మీదికి ఎక్కి తెల్లవార్లూ కూర్చున్నారు. రెండు రోజులకు నీళ్లు తగ్గాక, తలుపు తోస్తే తలుపు రాలేదు. లోపల బురద అంత గట్టిగా పట్టేసింది. తలుపు తెరిచాక వాసన. మురుగు, నానిన బియ్యం, డీజిల్, అన్నీ కలిసిన వాసన. ఆ వాసనకు మనిషికి ఒకటే ఆలోచన వస్తుంది, వెంటనే కడిగెయ్యాలని. అక్క కొంగు బిగించి, చీపురు పట్టుకుని, బకెట్ ఎత్తింది.

బిడ్డ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, జర ఆగు. ఫోటోలు తీస్తా."

"ఏం తీస్తవ్ బిడ్డా, ఇల్లంత బురదైతే."

"బురదనే తీస్తా."

ఆ అమ్మాయి చేసిన పని నాకు ఎంత నచ్చిందంటే, అప్పటినుంచి ఎవరు వచ్చినా ఇదే చెప్తున్నాను. తల్లి కొలతల టేపు మేకుకు పైన వేలాడుతోంది, దాన్ని తీసింది. గోడ మీద నీళ్లు ఎంతవరకు నిలబడ్డాయో అంతవరకు ఒక చార ఉంటుంది చూడండి, మట్టి రంగులో, గీత గీసినట్టు. టేపు ఒక కొస తల్లిని నేల మీద అదిమి పట్టుకోమని, రెండో కొస ఆ చార దాటించి పైకి పట్టుకుంది. 52 అంగుళాలు. జాకెట్ పొడవు కొలిచే టేపుతో వరదను కొలిచారు. టేపు మీది అంకె, చార, పక్కనే మునిగిన మిషన్, మూడూ ఒకే ఫోటోలో వచ్చేటట్టు తీసింది. తర్వాత బయటికి వచ్చి, ఇంటి నంబరు, తలుపు, లోపలి బురద కనిపించేలా గడప దగ్గర నిలబడి ఇంకొకటి. ఆ తర్వాత ఫ్రిజ్, బియ్యం సంచి, పరుపు, ఒక్కొక్కటి.

ఫోటోలు అయ్యాక తల్లీబిడ్డలు రాయడానికి కూర్చున్నారు. కొలతల పుస్తకం అల్మారా పై అరలో ఉండి బతికింది. దాని వెనక పేజీల్లో, పోయిన సామాను మొత్తం రాశారు. ఏ వస్తువు, ఎప్పుడు కొన్నది, సుమారు ఎంత. కుట్టడానికి గిరాకీలు ఇచ్చిన బట్టలు కూడా, ఎవరిది ఏ రంగు చీర, ఎవరిది ఏ జాకెట్ ముక్క అని.

అప్పుడు పట్టుకున్నారు చీపురు.

ఇల్లు ఉండేటట్టు లేదని వాళ్లు కాజీపేటలో చుట్టాలింటికి పోయారు. వాళ్లు లేని రోజునే సర్వే వాళ్లు వచ్చారు. చుట్టుపక్కల ఇళ్లన్నీ రాసుకున్నారు, తాళం వేసిన ఇల్లు వదిలేశారు. ఇది ఎవరి తప్పని నేను అనను. వచ్చినవాళ్లకు ఆ రోజు వందల ఇళ్లు తిరగాల్సి ఉండొచ్చు. కానీ తాళం వేసిన ఇళ్లే ఎక్కువ మునిగిన ఇళ్లు కదా, ఉండలేకనే కదా తాళం వేసి పోయింది! ఈ సంగతి సర్వేకు వచ్చేవాళ్లు గుర్తు పెట్టుకోవాలని నా మనవి. మునిగినవాళ్లు కూడా పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పి, ఫోన్ నంబర్ ఇచ్చి పోవాలి. "సర్వేకు వస్తే ఫోన్ చెయ్యండి" అన్న ఒక్క మాట.

జాబితాలో పేరు లేదని తెలిసి అక్క ఆఫీసుకు పోతే, "సర్వే అయిపోయిందమ్మా" అన్నారు.

"సర్వే అయిపోయింది సరే సారూ, మా ఇల్లు మునిగింది కదా" అంది అక్క. ఫోన్ తీసి చూపించింది. ఆయన టేపు ఫోటో చూశాడట. కాసేపు ఏమీ మాట్లాడలేదట. "దరఖాస్తు రాసి ఇయ్యమ్మా" అన్నాడట.

ఆ సాయంత్రం అక్క నా దగ్గరికి వచ్చింది. తెల్ల కాగితం మీద దరఖాస్తు రాశాం. ఇంకో చిక్కు ఉంది. కరెంటు బిల్లు ఇంటి ఓనర్ పేరు మీద ఉంది, ఆధార్‌లో పాత ఊరి చిరునామా. మరి ఆ ఇంట్లో ఉన్నది వీళ్లేనని ఎట్లా చూపిస్తాం? గ్యాస్ బండ డెలివరీ రసీదు దొరికింది, అదే చిరునామాతో. ఓనర్‌తో ఒక కాగితం రాయించాం, వీళ్లు మా ఇంట్లో అద్దెకు ఉంటున్నారని. అటు ఇటు ఇళ్లవాళ్లు ఇద్దరు సంతకం పెట్టారు. అద్దెకు ఉండే శ్రోతలు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. గోడలు ఓనర్‌వి కావచ్చు, మునిగిన సామాను మీది.

దరఖాస్తు రెండు కాపీలు తీసుకుపోయాం. ఒకటి వాళ్లకు. రెండోదాని మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకున్నాం. బ్యాంకులో 31 ఏళ్లు చూశాను, నోటితో అడిగినదానికి గుర్తు ఉండదు, ముద్ర పడ్డ కాగితానికి ఉంటుంది. ముద్ర వెయ్యం అంటే, సోమవారం కలెక్టరేట్‌లో జనం దరఖాస్తులు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇవ్వండి, దరఖాస్తు నంబరు అడిగి తీసుకోండి. అక్క పేరు తర్వాత జాబితాలో ఎక్కింది.

సాయం ఎంత, అని అడుగుతారు. మొంథా తర్వాత మునిగిన ఇంటికి 15,000, దెబ్బతిన్న పంటకు ఎకరాకు 10,000 ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఒక్కో విపత్తుకు ప్రకటన ఒక్కో రకంగా ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం వరదలప్పుడు కుటుంబానికి 16,500 అన్నారు. వీటికి అడుగున, విపత్తు నిధికి కేంద్రం పెట్టిన లెక్కలు ఉన్నాయి. 2022 నుంచి 2026 వరకు పెట్టిన ఆ లెక్కల్లో మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలిపోతే 1,20,000. పాలిచ్చే బర్రె చనిపోతే 37,500, గొర్రెకో మేకకో 4,000. ఈ డబ్బుతో పోయింది మొత్తం తిరిగి రాదు. నిజం చెప్పాలంటే సగం కూడా రాదు. కానీ ఆ నెల అప్పు చేయకుండా గడిపే అవకాశం వస్తుంది, అది చిన్న సంగతి కాదు.

ఊళ్లలో వింటున్నవాళ్లకు కూడా ఇదే మాట. పొలంలో ఇసుక మేట వేస్తే, 3 అంగుళాలకు మించి ఉంటేనే ఆ లెక్కలో మేట తీయడానికి సాయం రాసి ఉంది. అంటే అక్కడ కూడా కొలతే. ట్రాక్టర్ పెట్టి తోయించకముందు ఒక కర్ర గుచ్చి, కొలిచి, మీరు పక్కన నిలబడి ఫోటో తీయించుకోండి. ఏఈఓకు, అంటే మీ ఊరి వ్యవసాయ విస్తరణ అధికారికి, చూపించండి. పంట సాయం 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే అంటారు కాబట్టి, పడిపోయిన వరి, మొలకెత్తిన వడ్లు, అన్నీ అట్లనే ఉన్నప్పుడు చూపించాలి. గొడ్డు చనిపోతే గొయ్యి తీయకముందు పశువుల డాక్టర్‌కు ఫోన్. చెవికి ట్యాగు ఉంటే ఆ నంబరు కనిపించేటట్టు ఫోటో. బాధలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి అంటారు. నిజమే. అందుకే ఇప్పుడు, వాన లేని రోజున చెప్తున్నాను.

ఇక నాకు బాగా తెలిసిన విషయం, బ్యాంకు. రెండు మూడు మాటలే చెప్తాను.

సాయం ఖాతాలో పడుతుంది. ఖాతాకు ఆధార్ కలిసి ఉందా, కేవైసీ పెండింగ్ ఏమైనా ఉందా, ముందే చూసుకోండి. ఖాతా ఆగిపోయి ఉంటే వచ్చిన డబ్బు ఖాతాదాకా రాదు. మీరేమో ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు.

కిస్తీ కట్టలేని పరిస్థితి వస్తే దాక్కోకండి. గడువు తేదీ రాకముందే మేనేజర్ దగ్గరికి పోయి, రాసి ఇవ్వండి. విపత్తు ప్రాంతాల్లో పంట రుణాలకు, ఇతర రుణాలకు గడువు పెంచి తిరగరాయడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు ఉన్నాయి. ఇది మాఫీ కాదు, వెసులుబాటు. అడగకపోతే అందకపోవచ్చు. మహిళా సంఘం అప్పు ఉంటే సంఘం మీటింగ్‌లో మాట్లాడి తీర్మానం రాయించండి. వరద తర్వాత మన గడపకు అందరికంటే ముందు వచ్చేది గిరిగిరి వాడు, అంటే ఎక్కువ వడ్డీకి అప్పిచ్చేవాడు. ఫారం అడగడు, ఫోటో అడగడు, అప్పటికప్పుడు చేతిలో పైసలు పెడతాడు. ఆ పైసలు తీసుకునే ముందు ఒక్క రోజు, ఒక్క రోజు ఆగండి. సంఘంలో అడగండి, చుట్టాల్లో అడగండి.

బియ్యం డబ్బాలో, బీరువాలో దాచిన నోట్లు తడిసిపోయాయా? పారేయకండి, ఇస్త్రీ చేయకండి. ఒక్కొక్కటి మెల్లగా విడదీసి, నీడలో బట్ట మీద ఆరబెట్టండి. బ్యాంకుకు తీసుకుపోతే మార్చి ఇస్తారు. చిరిగినా సరే, 50 రూపాయలు, ఆ పైన నోట్లకు, 80 శాతానికి మించి ఒకే ముక్కగా మిగిలి ఉంటే పూర్తి విలువ వస్తుంది. 40 నుంచి 80 శాతం మిగిలితే సగం విలువ. 2023లో ఒక పెద్దమనిషి పెన్షన్ డబ్బు ముద్దయిపోయిందని మా బ్రాంచికి ప్లాస్టిక్ కవర్‌లో తెచ్చాడు. కౌంటర్ మీద పెట్టడానికి సిగ్గుపడ్డాడు. సిగ్గు ఎందుకు? మీ నోటు, మీ హక్కు.

బండి మునిగితే స్టార్ట్ చేయకండి. సెల్ఫ్ కొట్టారా, ఇంజన్‌లో నీళ్లుంటే ఇంజన్ పోతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ అది మీ వల్ల జరిగిందని వాదిస్తుంది. బండి ఉన్నచోటే ఫోటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, తోయించుకుపోండి. అక్క భర్త ఆటో అట్లానే కాపాడుకున్నాడు. ఇంకో సంగతి. ఇంటి లోన్ తీసుకున్నవాళ్లు ఆ ఫైల్ ఒకసారి తిరగేయండి. ఇంటికి ఇన్సూరెన్స్ చేయించి ఉంటారు, ఆ సంగతి మర్చిపోయి ఉంటారు. 2023లో మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. నేను ఆ ఫైల్ చూసిన పాపాన పోలేదు. పనిమనిషిని పిలిచి సాయంత్రానికల్లా ఇల్లు అద్దంలా కడిగించాను. నెల తర్వాత ఫైల్‌లో పాలసీ కనిపించింది. చూపించడానికి చార లేదు, ఫోటో లేదు. ఇంతమందికి కాగితాలు రాసిపెట్టిన నేను నా ఇంటి కాగితం చూసుకోలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. అందుకే మళ్లీ మళ్లీ అంటున్నాను, ముందు ఫోటో, తర్వాత చీపురు.

ఒక హెచ్చరిక. "వరద సాయం పడాలంటే ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. సాయానికి ఓటీపీ ఎవరూ ఫోన్‌లో అడగరు. పొరపాటున చెప్పి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం చేసినకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అక్క సంగతి పూర్తి చేస్తాను. డబ్బు పడ్డాక మొదట మిషన్ మోటారు వేయించుకుంటుందనుకున్నాను. కాదు. కొలతల పుస్తకం వెనక పేజీలు తీసింది. నానిపోయిన గిరాకీల బట్టలు, రంగులతో సహా రాసి ఉన్నాయి కదా. వరంగల్ చౌరస్తాకు పోయి, ఆ రంగులకు దగ్గరగా ఉన్న జాకెట్ ముక్కలు కొనుక్కొచ్చింది. ఒక్కొక్కరికీ కుట్టి ఇస్తోంది, కూలి తీసుకోకుండా. ఇచ్చిన పేరు పక్కన టిక్ పెడుతోంది. మొన్న నేను పోయినప్పుడు చూపించింది. ఇంకా మూడు పేర్లు ఉన్నాయి.