విమానం కుదుపుల్లో పడితే పైలట్లు ఏం చేస్తారు?

శ్రోతలకు నమస్కారం.

2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్‌లోని ఇరావతి నదీ మైదానం మీద, 37 వేల అడుగుల ఎత్తులో ఉంది. అందులో 211 మంది ప్రయాణికులు, 18 మంది సిబ్బంది ఉన్నారు. మొదట సన్నగా వణుకు మొదలైంది. పైలట్లు సీటు బెల్టు లైటు వేశారు. ఎనిమిది సెకన్లు గడిచాయో లేదో, విమానం ఒక్కసారిగా కిందికి జారింది. బెల్టు పెట్టుకోని వాళ్ళు ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నారు. ఆ వెంటనే దబ్బున కింద పడ్డారు. ఒక ప్రయాణికుడు ప్రాణాలు కోల్పోయాడు, ఎంతోమంది గాయపడ్డారు. విమానాన్ని దారి మళ్ళించి బ్యాంకాక్‌లో దించారు.

ఆరు వేల అడుగులు పడిపోయిందని ఆ రోజు వార్తల్లో చెప్పారు. తర్వాత విమానం కదలికలను నమోదు చేసే ఫ్లైట్ రికార్డర్ చూసిన దర్యాప్తు అధికారులు తేల్చింది వేరు. విమానం జారింది 178 అడుగులు, అదీ 4.6 సెకన్లలో. ఆరు వేల అడుగులు దిగడమన్నది ఆ తర్వాత పావుగంటకు పైలట్లు తామే నెమ్మదిగా చేసిన పని. మరి 178 అడుగులకే అంత నష్టమా అంటే, నష్టం చేసింది ఎత్తు కాదు, కదలిక మారిన వేగం. అంతవరకూ మనిషిని సీటుకు ఒత్తి ఉంచిన బలం కేవలం 0.6 సెకన్లలో తలకిందులై, శరీరం బరువుకు ఒకటిన్నర రెట్ల బలంతో పైకి విసిరింది. మరో నాలుగు సెకన్లలో అంతే బలంతో మళ్ళీ కిందికి లాగింది. ఇంత వేగంగా జరిగితే చేత్తో సీటు పట్టుకుని ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. ఆపగలిగేది నడుముకున్న బెల్టు ఒక్కటే.

విమానం ఊగినప్పుడు మనలో చాలామంది రెక్క విరిగిపోతుందేమోనని భయపడతారు. ఆ భయం తీసేయడానికి ఒక ప్రయోగం సంగతి చెబుతాను. 1995 జనవరిలో బోయింగ్ కంపెనీ తన 777 విమానం రెక్కలను కావాలనే విరిగేదాకా వంచి చూసింది. విమానం జీవితకాలంలో ఎదురవుతుందని ఊహించిన అత్యధిక భారానికి ఒకటిన్నర రెట్లు మోస్తే చాలని నియమం. ఆ రెక్కలు ఆ అత్యధిక భారానికి 154 శాతం దాకా తట్టుకున్నాయి. విరిగేముందు వాటి కొసలు దాదాపు 24 అడుగులు పైకి వంగాయి. కిటికీలోంచి రెక్క ఊగుతూ కనిపిస్తే, దాన్ని అలా ఊగేలాగే తయారు చేశారని గుర్తుంచుకోండి.

ఇక ఈ కుదుపులు ఎందుకు వస్తాయో చూద్దాం. వేసవి మధ్యాహ్నం శంషాబాద్‌లోనో గన్నవరంలోనో విమానం దిగేటప్పుడు వచ్చే కుదుపులకు కారణం ఎండ. నేల వేడెక్కి, గాలి పైకి లేస్తుంది. చెరువు మీద ఒకలా, బండరాళ్ళ మీద ఇంకోలా లేస్తుంది. అందుకే పొద్దున్నే బయల్దేరే విమానాల్లో ఈ ఇబ్బంది తక్కువ. చికాకు తప్ప వీటివల్ల పెద్ద ప్రమాదం ఉండదు.

ఈ వేడి గాలే బాగా తేమ పట్టి పైకి పెరిగితే ఉరుముల మేఘం అవుతుంది. పైలట్లు దీన్ని సీబీ అంటారు, అంటే క్యుములోనింబస్. మన దేశంలో ఈ మేఘాలు 16 కిలోమీటర్లు దాటి కూడా పెరుగుతాయి. ప్రయాణికుల విమానాలు తిరిగేది 10 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో కాబట్టి పైనుంచి దాటిపోవడం కుదరదు. పక్కనుంచి, వీలైతే 20 నాటికల్ మైళ్ళ దూరంలో, అంటే 37 కిలోమీటర్ల ఎడంగా తప్పుకోవాలి. విమానం ముక్కులో ఉండే రాడార్ వాన చినుకులను బాగా పట్టుకుంటుంది కానీ మేఘం పైభాగంలోని మంచు స్ఫటికాలను అంత బాగా పట్టుకోలేదు. ఇంకా ఎదుగుతున్న మేఘాలు ప్రమాదకరం కావడానికి అదొక కారణం.

మూడో రకానికి మేఘమే అక్కర్లేదు. ఆకాశం అద్దంలా ఉంటుంది, రాడార్‌లో ఏమీ కనిపించదు, ఉన్నట్టుండి విమానం దడదడలాడుతుంది. దీనికి మూలం జెట్ ప్రవాహాలు, అంటే బాగా ఎత్తులో నదిలా వేగంగా పారే గాలులు. వరదలో ఉన్న గోదావరిని చూడండి. నడి ఏట్లో నీళ్ళు పరుగెడతాయి, ఒడ్డు దగ్గర నెమ్మదిగా పోతాయి, ఆ రెండూ కలిసేచోట సుడులు తిరుగుతాయి. పైన గాలిలోనూ ఇదే జరుగుతుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద పడమటి నుంచి వీచే జెట్ గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. వానాకాలంలో దక్షిణాదిన, ఇంకా పైన, తూర్పు నుంచి మరో జెట్ వీస్తుంది. దాన్ని 1958లో తన పరిశోధనా పత్రంతో శాస్త్రలోకానికి పరిచయం చేసింది మన తెలుగువాడు, తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయిన పంచేటి కోటేశ్వరం గారు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ మూడో రకం పెరుగుతోందని బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2023లో చెప్పారు. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక సగటు స్థలంలో తీవ్రమైన కుదుపులు 1979లో ఏడాదికి 17.7 గంటలు ఉండగా, 2020 నాటికి 27.4 గంటలయ్యాయి. అమెరికాలో మన పిల్లలను చూడడానికి వెళ్ళే చాలా విమానాల దారి అదే.

కొండలను దాటి వచ్చే గాలి కెరటాలు కూడా ఉన్నాయి. 1966లో జపాన్‌లోని ఫుజి పర్వతం దగ్గర, స్పష్టంగా ఉన్న ఆకాశంలోనే ఒక బోయింగ్ 707 వాటికి బలైంది, 124 మంది చనిపోయారు. ఇక పెద్ద విమానం తన వెనక వదిలే సుడిగాలి ఉండనే ఉంది. పెద్ద విమానం లేచాక వెనకున్న చిన్న విమానాన్ని రెండు, మూడు నిమిషాలు ఆపేది అందుకే.

ఇప్పుడు కాక్‌పిట్‌లోకి వెళ్దాం. కుదుపులు మొదలవగానే పైలట్లు వేగాన్ని ఒక నిర్ణీత స్థాయికి తెస్తారు. ఎయిర్‌బస్ ఏ320కి పై ఎత్తుల్లో అది ధ్వని వేగంలో 76 శాతం. అంతకంటే ఎక్కువైతే రెక్కల మీద ఒత్తిడి పెరుగుతుంది, మరీ తగ్గితే రెక్కలకు పట్టు పోతుంది. విమానాన్ని తనంతట తానే నడిపే ఆటోపైలట్‌ను సాధారణంగా తీసేయరు. గాలి వంద అడుగులు పైకి లేపితే వెంటనే కిందికి నెట్టాలని చూడరు. రెక్కలను సమంగా ఉంచి, ఎత్తులో కాస్త తేడాను ఓర్చుకుంటారు. నేలమీదున్న ట్రాఫిక్ కంట్రోలర్‌తో మాట్లాడి పైకో కిందికో మారతారు, వెనక వచ్చే విమానాలకు కబురు చెబుతారు. ఆ కబుర్ల విలువ ఇంతా అంతా కాదు. కంటికి కనిపించని కుదుపుల గురించి తెలిసేది ఎక్కువగా అలాగే.

తొందరపాటు ఎంత నష్టం చేస్తుందో 2001 నవంబర్‌లో న్యూయార్క్‌లో తెలిసింది. ముందు వెళ్ళిన పెద్ద విమానం సుడిలో చిక్కిన ఒక ఎయిర్‌బస్‌ను సరిచేయబోయి, కో-పైలట్ రడ్డర్‌ను, అంటే తోకలో ఉండి ముక్కును పక్కకు తిప్పే పలకను, అటూ ఇటూ గట్టిగా తొక్కడంతో తోక రెక్క ఊడిపోయింది. నేలమీది వాళ్ళతో కలిపి 265 మంది చనిపోయారు. ఆ తర్వాత రడ్డర్ వాడకంలో పైలట్ల శిక్షణను మార్చారు.

నేర్పు ఎలా ఉంటుందో 2025 మే 21న, సింగపూర్ విమానం ఘటనకు సరిగ్గా ఏడాదికి, పఠాన్‌కోట్ దగ్గర చూశాం. ఢిల్లీ నుంచి 220 మందికి పైగా శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం వడగళ్ళ మేఘానికి ఎదురుపడింది. సరిహద్దు వైపు తప్పుకోవడానికి అనుమతి రాలేదు, పాకిస్తాన్ వైపు లాహోర్ కంట్రోలర్లు కూడా కాదన్నారు. వెనక్కి తిరగబోతే మేఘం అప్పటికే దగ్గరికొచ్చేసింది. దాంతో శ్రీనగర్ వైపే నేరుగా దాటాలని నిర్ణయించారు. ఆటోపైలట్ దానంతటదే ఆగిపోయింది. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో దిగిపోతోంది. పైలట్లు చేతులతోనే నడిపి మేఘంలోంచి బయటపడ్డారు. ముక్కు భాగం దెబ్బతిన్న విమానాన్ని ప్రయాణికుల్లో ఒక్కరికీ గాయం కాకుండా దించారు. వాళ్ళకు మనం చేతులెత్తి దండం పెట్టాలి.

మన వంతు పని మాత్రం చాలా తేలిక. లైటు ఆరిపోయినా, నిద్రపోతున్నా, బెల్టు కాస్త వదులుగానైనా పెట్టుకునే ఉండండి. రెండేళ్ళలోపు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే, సిబ్బందిని అడిగి చిన్నపిల్లల బెల్టు తీసుకుని, దాన్ని మీ బెల్టుకు తగిలించండి. మీ బెల్టులోనే పాపను కలిపి కట్టకండి. కుదుపులో మీ బరువంతా ఆ పాప మీదే పడుతుంది. టీ ఇవ్వడం మధ్యలో ఆపేసి సిబ్బంది వెళ్ళి కూర్చుంటే విసుక్కోకండి. 2009 నుంచి 2022 దాకా అమెరికాలో కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడ్డ 163 మందిలో 129 మంది విమాన సిబ్బందే.

సెలవు.