మునగాకు పొడి: డబ్బా మీది అంకెలు, చెంచాలోని పోషకాలు

[తెరపై: రెమ్మల నుంచి దూస్తున్న లేత మునగాకు]

నమస్కారం. ఆషాఢం రాగానే మునగాకు వండుకోవడం మన ఇళ్లలో పాత ఆచారం. ఇప్పుడు అదే ఆకు పొడిగా మారి, నారింజకన్నా ఏడు రెట్లు సి విటమిన్, పాలకన్నా పదిహేడు రెట్లు కాల్షియం ఉన్నాయన్న ప్రచారంతో డబ్బాల్లో అమ్ముడవుతోంది. ఇందులో మొదటి పోలిక పచ్చి ఆకుకు సంబంధించినది, రెండోది ఎండిన పొడికి సంబంధించినది. రెంటినీ ఒకే డబ్బా మీద అచ్చువేయడం కొనేవారిని తప్పుదారి పట్టించడమే.

[తెరపై: పచ్చి ఆకు, ఎండిన ఆకు పక్కపక్కన]

పచ్చి మునగాకులో దాదాపు 78 శాతం నీరే ఉంటుంది. ఆ నీరు పోగానే మాంసకృత్తులు, ఖనిజాలు చిక్కబడి, 100 గ్రాముల పొడిలో మాంసకృత్తులు సుమారు 27 గ్రాములు, కాల్షియం 2,000 మిల్లీగ్రాముల దాకా కనిపిస్తాయి. ఎండబెట్టడంలో సి విటమిన్ మాత్రం చాలావరకు నశిస్తుంది. అయినా 100 గ్రాముల పొడిని ఒక పూటలో ఎవరూ తినరు కదా! ఐదు గ్రాముల చెంచాడు పొడిలో వచ్చే కాల్షియం సుమారు 100 మిల్లీగ్రాములు, అంటే పెద్దవారి రోజువారీ అవసరంలో పదో వంతు. ఇది తక్కువేమీ కాదు, అద్భుతమూ కాదు. పైగా ఆకులో సహజంగా ఉండే, ఖనిజాలను పట్టి ఉంచే పదార్థాలలో ఆక్సలేట్లు కాల్షియంలో కొంత భాగాన్ని, ఫైటేట్లు, పాలీఫినాల్స్ ఇనుములో కొంత భాగాన్ని ఒంటికి పట్టనివ్వవు. అందుకే మునగాకు పప్పులో దించాక పిండే నిమ్మరసానికి విలువ ఉంది: అందులోని సి విటమిన్ ఇనుము శోషణను పెంచుతుంది. పోపులోని నూనె కూడా వృథా కాదు, ఎందుకంటే ఆకులో సమృద్ధిగా ఉన్న, ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ కొవ్వు తోడుంటేనే బాగా ఒంటపడుతుంది.

[తెరపై: రోట్లో నలుగుతున్న పచ్చి ఆకు]

ఇక రసాయనాల సంగతి. ఆకును నలిపినప్పుడు తగిలే ఘాటు ఆవాల ఘాటును గుర్తుకు తెస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు. వృక్షశాస్త్రంలో మునగ, ఆవ ఒకే క్రమానికి, అంటే దగ్గరి కుటుంబాలను కలిపిన ఒకే పెద్ద వర్గానికి చెందినవి. మునగలో గ్లూకోమోరింగిన్ అనే గ్లూకోసినోలేట్ ఉంటుంది; గ్లూకోసినోలేట్లంటే ఆవాల్లోనూ ఉండే, గంధకం కలిసిన పదార్థాలు. కణాలు చితికినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము (రసాయన చర్యను వేగంగా జరిపించే మాంసకృత్తు) దాన్ని తాకి విడగొట్టగా, మోరింగిన్ అనే ఐసోథయోసయనేట్, అంటే ఆవాల ఘాటుకు కారణమైన కోవకే చెందిన పదార్థం, పుడుతుంది. వాపును తగ్గించే గుణం కోసం పరిశోధకులు ఎక్కువగా పరీక్షిస్తున్నది ఈ పదార్థాన్నే. ఆకును బాగా ఉడికిస్తే ఎంజైము పనిచేయదు కనుక, పచ్చి ఆకు రసంతో ప్రయోగశాలలో కనిపించిన ఫలితాన్ని కూరకు అంటగట్టడం సరికాదు. క్వెర్సెటిన్, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి, ఇందాక చెప్పిన పాలీఫినాల్స్ కోవకు చెందిన పదార్థాలు కూడా ఈ ఆకులో ఉన్నాయి. మధుమేహంపై మునగాకు ప్రభావాన్ని మనుషులలో పరిశీలించిన అధ్యయనాలు చిన్నవి, కొద్దివి. కాబట్టి డాక్టరు రాసిన మందులు మాని పొడిని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

[తెరపై: మునగ వేరు, బెరడు]

ఆకు, పువ్వు, కాయ ఆహారమే. వేరు, బెరడు మాత్రం ఆహారం కావు. వాటిలో విషప్రభావం చూపగల పదార్థాలు ఉంటాయి కనుక, ముఖ్యంగా గర్భిణులు వాటిని ఏ రూపంలోనూ తీసుకోకూడదు.