డిశ్చార్జ్ బుక్ ఒకసారి తెరిచి చూడండి

వ్యాఖ్యాత: నమస్కారం. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారం వైపు మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. "నాన్నగారి పతకాలకు డబ్బేమైనా వస్తుందా?" అన్నది ఆ ఇళ్లలో తరచూ వినిపించే ప్రశ్న. సుబేదారుగా పదవీ విరమణ చేసిన బాబాయ్‌గారు మనతో ఉన్నారు. చెప్పండి బాబాయ్.

సుబేదార్: ముందు రెండు రకాలను వేరు చేసుకోవాలమ్మా. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర వంటివి శౌర్యానికి ఇచ్చేవి. వాటికి నెలనెలా భత్యం ఉంది. 2017లో పెంచినప్పుడు పరమవీర చక్రకు 20,000, వీర చక్రకు 7,000, శౌర్యానికి ఇచ్చే సేనా మెడల్‌కు 2,000 రూపాయలు చేశారు. రెండో రకం సేవా పతకాలు. 1971 యుద్ధంలో తూర్పున పనిచేసినవారికి పూర్వీ స్టార్, పడమర పనిచేసినవారికి పశ్చిమీ స్టార్, తర్వాతి కాలంలో సియాచిన్ గ్లేసియర్ మెడల్, 9, 20, 30 ఏళ్ల సర్వీసుకు ఇచ్చేవి. వీటికి నెలవారీ డబ్బు లేదు.

వ్యాఖ్యాత: ఆ మాట వినగానే చాలామంది నిరాశపడతారు కదా?

సుబేదార్: పడతారు. మంచులో అన్నేళ్లు ఉన్నందుకు ఇదేనా అని ఓ తల్లి అడిగితే నాకూ మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ పతకం ఆయన ఎక్కడ పనిచేశారో చెప్పే రుజువు. వైకల్య పెన్షన్ అడిగినప్పుడు, జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, సర్వీసు వల్ల ముదిరిందా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని తేల్చేది మెడికల్ బోర్డే, పతకం కాదు. అయినా సియాచిన్‌లో ఉన్నట్టు రికార్డులో ఉంటే మన మాటకు బలం. అందుకే పతకం కన్నా దాని గురించి డిశ్చార్జ్ బుక్‌లో, అంటే సర్వీసు ముగిసినప్పుడు సైన్యం ఇచ్చే రికార్డు పుస్తకంలో, ఉన్న ఆ ఒక్క వరుస ముఖ్యమంటాను.

వ్యాఖ్యాత: అర్హత ఉండి పతకం చేతికి అందనివారు?

సుబేదార్: సర్వీసు నంబరుతో తమ సైనిక విభాగం రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. ఆయన లేకపోతే భార్య అడగవచ్చు. ఇక్కడ మనవాళ్లు పొరబడతారు. శిక్షణ గోల్కొండలోని ఆర్టిలరీ, అంటే ఫిరంగి దళం, సెంటర్‌లో అయినా ఆర్టిలరీ రికార్డులు నాసిక్‌లో ఉంటాయి. వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎంఈ, ఆయుధాలు, సామగ్రి సరఫరా చేసే ఏఓసీ విభాగాల వారివి మాత్రం సికింద్రాబాద్‌లోనే. ఉత్తరం రాయడం కష్టమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు.

వ్యాఖ్యాత: ఇంకేమైనా?

సుబేదార్: ఒక్కటి, బతిమాలి చెబుతున్నాను. భార్య పేరు, పుట్టిన తేదీ డిశ్చార్జ్ బుక్‌లో, పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో), ఆధార్‌లో ఒకేలా ఉన్నాయేమో ఈ వారమే చూడండి. కాగితంలో లక్ష్మమ్మ, ఆధార్‌లో లక్ష్మి అని ఉంటే చాలు, కుటుంబ పెన్షన్ ఆగిపోవచ్చు. ఆయన ఉండగా అయితే ఆయన సంతకంతోనే సరిచేయించవచ్చు. తర్వాత అయితే ఆ తల్లి ఒంటరిగా ఆఫీసుల చుట్టూ తిరగాలి.